అంతరిక్ష కేంద్రానికి సరుకు నౌకలు

భూమి చుట్టూ తిరిగే అంతరిక్ష కేంద్రంలో ఉండేవాళ్లకు తిండి, నీళ్లు, గాలి, బట్టలు, మరమ్మతు సామాను, ప్రయోగ పరికరాలు చేరవేసే మానవరహిత వాహనమే సరుకు నౌక. ఈ పని చాలా కాలం ప్రభుత్వ సంస్థల చేతుల్లోనే నడిచింది. 2012 నుంచి అమెరికాలో ప్రైవేటు కంపెనీలు కిరాయి మీద చేస్తున్నాయి. నౌక కంపెనీది, దాన్ని పంపే బాధ్యతా కంపెనీదే. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా సరుకు చేర్చినందుకు డబ్బు చెల్లిస్తుంది.

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు 'కార్గో' అనే మాట ఎవరికీ కొత్త కాదు. దుబాయిలో, మస్కట్‌లో పనిచేసే కొడుకో అల్లుడో ఇంటికి పంపే పెద్ద అట్టపెట్టె పేరే కార్గో. అంతరిక్ష కేంద్రానికి వెళ్లేదీ అలాంటి మూటే. కాకపోతే అది ఇంటి నుంచి దూరాన ఉన్నవాళ్లకు వెళ్తుంది. ఆ దూరం కూడా మనం అనుకున్నంత కాదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నేల నుంచి 400 నుంచి 420 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు ఉన్న దారికి ఇంకో వంద కిలోమీటర్లు కలిపితే అంతే. అసలు కష్టం వేగంతోనే. కేంద్రం సెకనుకు దాదాపు 7.66 కిలోమీటర్ల చొప్పున పరుగెడుతుంది. ఆ లెక్కన కరీంనగర్ నుంచి హైదరాబాద్ ఇరవై సెకన్ల ప్రయాణం. సరుకు నౌక ఆ వేగాన్ని అందుకోవాలి, కేంద్రం పక్కకు చేరాలి, దాన్ని తాకకుండా ఆగాలి.

స్కైల్యాబ్ చెప్పిన పాఠం

అంతరిక్ష కేంద్రం అనే మాట ఉత్తర తెలంగాణ పల్లెలకు మొదట భయంగానే చేరింది. 1979 జూలైలో అమెరికా కేంద్రం స్కైల్యాబ్ కూలిపోతోందని రేడియోలు, పత్రికలు చెప్పాయి. అది భూమధ్యరేఖకు 50 డిగ్రీల వాలుతో తిరిగేది కాబట్టి మన నెత్తి మీదుగానూ పోయేది. ఎక్కడ పడుతుందో ముందే కచ్చితంగా చెప్పగలిగినవాళ్లు లేరు. ఇక బతుకు ఎన్నాళ్లో అనుకుని ఇంట్లో ఉన్న కోళ్లను, మేకలను కోసుకు తిన్న సంగతులు ఊళ్లలో పెద్దవాళ్లు ఈనాటికీ చెబుతారు. ఆనాటి కరీంనగర్ జిల్లాలోని బండలింగంపల్లిని నేపథ్యంగా తీసుకుని విశ్వక్ ఖండేరావు తీసిన 'స్కైల్యాబ్' సినిమా 2021 డిసెంబర్ 4న విడుదలైంది. చివరికి 1979 జూలై 11న ఆ కేంద్రం హిందూ మహాసముద్రం మీద విచ్ఛిన్నమైంది. ముక్కలు కొన్ని పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి.

స్కైల్యాబ్ ఎందుకు పడిందన్నది తెలిస్తే సరుకు నౌక విలువ తెలుస్తుంది. 1973 మే 14న ప్రయోగించినప్పుడు మూడు బృందాలకు కావలసిన తిండి, నీళ్లు దాదాపు అన్నీ దాంట్లోనే సర్ది పంపారు. పెళ్లిలో అరిటాకు మీద అన్నీ ఒకేసారి వడ్డించి, మారు వడ్డన లేదన్నట్టు. మూడు బృందాలు వరసగా 28, 59, 84 రోజులు ఉండి వచ్చాయి. 1974 ఫిబ్రవరి తర్వాత అటు వెళ్లినవాళ్లు లేరు. అంత ఎత్తులో కూడా గాలి అసలే లేకుండా పోదు, అతి పలచగా ఉంటుంది. ఆ గాలి రాపిడికి కేంద్రం రోజురోజుకూ కాస్త కిందికి దిగుతుంది. సూర్యుడి ఉద్ధృతి పెరిగిన ఏళ్లలో భూమి వాతావరణం వేడెక్కి పైకి ఉబుకుతుంది, రాపిడీ పెరుగుతుంది. 1970ల చివర జరిగింది అదే. మనుషులను, సామానును మోసే స్పేస్ షటిల్ అనే వాహనంలో ఒక చిన్న ఇంజన్ పంపి స్కైల్యాబ్‌ను పైకి నెట్టించాలని నాసా ఆలోచించింది. షటిల్ తయారీ ఆలస్యమైంది. మొదటి షటిల్ 1981 ఏప్రిల్‌లో గానీ ఎగరలేదు. అప్పటికి నెట్టడానికి ఏమీ మిగల్లేదు.

అందుకే సరుకు నౌక చేసే రెండు పనులనూ కలిపే చూడాలి. లోపలివాళ్లకు తిండి పెట్టడం ఒకటి, కేంద్రాన్ని పడిపోకుండా పైకి ఎత్తడం ఇంకొకటి. మొదటిదాని గురించే అందరూ రాస్తారు. రెండోది లేకపోతే మొదటిదానితో పనే లేదు.

ప్రభుత్వ నౌకల కాలం

తొలి సరుకు నౌక సోవియట్ యూనియన్‌ది. ప్రోగ్రెస్-1 అనే ఆ నౌక 1978 జనవరి 20న బయలుదేరి సాల్యూత్-6 కేంద్రానికి సామాను, ఇంధనం చేర్చింది. పైలట్ లేకుండా తనంత తానే వెళ్లి అతుక్కుంది. అటు స్కైల్యాబ్ దిక్కులేక కిందికి జారుతున్న సమయంలోనే ఇటు మారు వడ్డన మొదలైందన్నమాట. ప్రోగ్రెస్ ఇప్పటికీ మెరుగుపడుతూ నడుస్తోంది. ఐరోపా నౌక ఏటీవీ 2008 నుంచి 2014 వరకు అయిదుసార్లు, జపాన్ నౌక కౌనోటోరి 2009 నుంచి 2020 వరకు తొమ్మిదిసార్లు అంతర్జాతీయ కేంద్రానికి వెళ్లాయి. చైనా 2017 నుంచి తన సొంత కేంద్రాలకు తియాన్‌ఝౌ నౌకలు నడుపుతోంది.

సరుకు ఎంత వస్తే మనుషులు అంతమంది ఉండగలరు. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని బలిగొన్న కొలంబియా షటిల్ ప్రమాదం తర్వాత షటిళ్లు ఆగిపోయాయి. అంతర్జాతీయ కేంద్రానికి ప్రోగ్రెస్ నౌకలే దిక్కయ్యాయి. వాటితో వచ్చేది ముగ్గురికి చాలదని బృందాన్ని ఇద్దరికి తగ్గించారు. 2004 చివర ఆ ఇద్దరికీ తిండి కొరత వచ్చింది. లెరాయ్ చియావో, సలిజాన్ షరిపోవ్ కొన్ని వారాలు తగ్గించుకుని తిన్నారు. క్రిస్మస్ సమయానికి ప్రోగ్రెస్ వచ్చి ఆదుకుంది. అది రాకపోతే కేంద్రాన్ని వదిలి దిగి రావలసి వచ్చేది. కెరమెరి, తిర్యాణి కొండల్లో వాగులు పొంగితే బాట తెగిపోయే గూడేలున్నాయి. వానలకు ముందే బియ్యం చేర్చడం ఎందుకో అక్కడివాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. అంతరిక్ష కేంద్రం నిర్వాహకులదీ అదే జాగ్రత్త. ఒక నౌక తప్పిపోయినా నెలల తరబడి సరిపోయేంత నిల్వ పైన ఉంచుతారు.

కిరాయి పద్ధతి

షటిళ్లు 2011 జూలైతో విశ్రాంతి తీసుకున్నాయి. ఆ రోజు వస్తుందని తెలిసే నాసా 2006లో ప్రైవేటు కంపెనీలను పిలిచింది. నౌక తయారీలో ఒక్కో మెట్టు దాటితే కొంత డబ్బు, మిగతా పెట్టుబడి కంపెనీదే అన్నది ఒప్పందం. మొదట ఎంపికైన రెండింటిలో రాకెట్‌ప్లేన్ కిస్ట్లర్ పెట్టుబడి సమకూర్చుకోలేక తప్పుకుంది. స్పేస్ ఎక్స్ నిలిచింది. ఖాళీ అయిన చోటికి ఆర్బిటల్ సైన్సెస్ వచ్చింది. 2008 డిసెంబర్‌లో స్పేస్ ఎక్స్‌కు 12 ప్రయాణాలకు 160 కోట్ల డాలర్లు, ఆర్బిటల్‌కు 8 ప్రయాణాలకు 190 కోట్ల డాలర్ల ఒప్పందాలు దక్కాయి. 2012 మే 25న స్పేస్ ఎక్స్ వారి డ్రాగన్ కేంద్రాన్ని చేరింది. కేంద్రానికి చేరిన తొలి ప్రైవేటు నౌక అదే. 2013 సెప్టెంబర్‌లో ఆర్బిటల్ నౌక సిగ్నస్ చేరింది. ఆర్బిటల్ తర్వాత చేతులు మారి 2018లో నార్త్‌రాప్ గ్రమ్మన్‌లో కలిసింది.

రెండు నౌకల స్వభావం వేరు. డ్రాగన్ తిరిగి వస్తుంది. పారాచూట్లతో సముద్రంలో దిగి, ప్రయోగశాలలకు చేరవలసిన నమూనాలను భద్రంగా అప్పగిస్తుంది. సిగ్నస్ రాదు. వెళ్లినప్పుడు సరుకు తీసుకెళ్తుంది, వచ్చేటప్పుడు చెత్త మోసుకుని వాతావరణంలో కాలిపోతుంది. డ్రాగన్‌కు వచ్చినంత పేరు సిగ్నస్‌కు రాలేదు. తెలుగువాళ్లు దగ్గరగా తెలుసుకోదగ్గ కథ మాత్రం సిగ్నస్‌దే.

2022 ఫిబ్రవరి 21, మధ్యాహ్నం 3:14

ఆ సోమవారం మన గడియారాల్లో మధ్యాహ్నం 3 గంటల 14 నిమిషాలకు రాజా చారి అంతరిక్ష కేంద్రంలో కూర్చుని ఒక సిగ్నస్ నౌకను మరచేత్తో పట్టుకున్నాడు. చారి పుట్టింది అమెరికాలోని మిల్వాకీలో, పెరిగింది అయోవా రాష్ట్రంలోని సీడర్ ఫాల్స్‌లో. మూలాలు తెలంగాణలో ఉన్నాయి. తాతగారిది మహబూబ్‌నగర్. ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో గణితం చెప్పారు. తండ్రి శ్రీనివాస్ చారి ఇంజనీరింగ్ చదువు కోసం అమెరికా వెళ్లారు. రాజా చారి అమెరికా వైమానిక దళంలో టెస్ట్ పైలట్‌గా పనిచేసి 2017లో నాసాకు ఎంపికయ్యాడు. 2021 నవంబర్‌లో క్రూ-3 బృందానికి కమాండర్‌గా కేంద్రానికి వెళ్లి 2022 మే 6న తిరిగి వచ్చాడు. బండలింగంపల్లి భయాన్ని తెర మీద చూపించిన సినిమా విడుదలైన రోజున తెలంగాణ మూలాలున్న మనిషి ఒకడు అంతరిక్ష కేంద్రంలోనే ఉన్నాడు. 42 ఏళ్లలో ఎంత దూరం వచ్చామో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

ఆ నౌక సంకేతనామం ఎన్‌జీ-17. సిగ్నస్ నౌకలకు అంతరిక్షయానానికి సేవ చేసినవాళ్ల పేర్లు పెట్టడం ఆనవాయితీ. దీనికి 2016లో చనిపోయిన వ్యోమగామి, వాతావరణ శాస్త్రవేత్త పియర్స్ సెల్లర్స్ పేరు పెట్టారు. అంతకుముందు 2020 అక్టోబర్‌లో వెళ్లిన ఎన్‌జీ-14కు కల్పనా చావ్లా పేరు పెట్టారు. అంతరిక్షం కోసం కొత్తగా తయారుచేసిన మరుగుదొడ్డిని, ముల్లంగి సాగు ప్రయోగాన్ని ఆ నౌకే చేరవేసింది.

ఎన్‌జీ-17 ఫిబ్రవరి 19న వర్జీనియా తీరంలోని వాలప్స్ నుంచి అంటారీస్ రాకెట్ మీద బయలుదేరింది. సిగ్నస్‌లో రెండు భాగాలుంటాయి. సరుకు పెట్టే పీపాలాంటి గదిని ఇటలీలోని ట్యూరిన్‌లో థేల్స్ అలీనియా స్పేస్ తయారుచేస్తుంది. మూడు మీటర్ల వ్యాసం, లోపల 27 ఘనపు మీటర్ల చోటు. దాని వెనక ఇంజన్, ఇంధనం, కంప్యూటర్లు ఉన్న భాగం, ఇరువైపులా విసనకర్రల్లా విచ్చుకునే గుండ్రటి సౌరఫలకాలు.

కేంద్రం దగ్గరికి వచ్చే తీరు చూడవలసింది. నౌక ముందు నుంచో వెనక నుంచో రాదు. కేంద్రానికి కింద, అంటే భూమి వైపు నుంచి మెల్లగా పైకి వస్తుంది. మధ్యలో కొన్ని చోట్ల ఆగుతుంది. కింద హ్యూస్టన్‌లోని నాసా నియంత్రణ కేంద్రంలోనూ కంపెనీ కేంద్రంలోనూ అంతా సరిగ్గా ఉందని చెబితేనే ముందుకు కదులుతుంది. ఎక్కడ తేడా వచ్చినా వెనక్కి పొమ్మనే ఆజ్ఞ ఇవ్వడానికి వ్యోమగాములు సిద్ధంగా ఉంటారు. చివరికి పదీ పన్నెండు మీటర్ల దూరంలో నౌక నిలిచిపోతుంది. అప్పుడు దాని చిన్న ఇంజన్లను ఆపేస్తారు. పట్టుకునే క్షణంలో అది నెట్టుకుంటే ప్రమాదం. నౌక, కేంద్రం రెండూ గంటకు 27 వేల కిలోమీటర్లకు పైబడిన వేగంతో పోతూనే ఉంటాయి, ఒకదానికొకటి మాత్రం కదలనట్టే కనిపిస్తాయి.

పట్టుకునేది కెనడా తయారుచేసిన 17.6 మీటర్ల మరచెయ్యి, కెనడార్మ్-2. దాన్ని నడిపే మనిషి రెండు చేతుల్లో రెండు పిడులు పట్టుకుంటాడు. ఒకటి చేతిని ముందుకు వెనక్కి, పక్కలకు కదుపుతుంది. రెండోది తిప్పుతుంది. కళ్లు కెమెరా తెర మీద ఉంటాయి. తెర మీద నౌకకున్న గుర్తు, దాని మధ్యలో పొడుచుకొచ్చిన లోహపు కడ్డీ. మరచెయ్యి చివర బోలుగా ఉంటుంది. అందులో మూడు తీగలు. కడ్డీ ఆ బోలులోకి రాగానే మూడు తీగలూ మెలితిరిగి దాన్ని బిగిస్తాయి. ఆదిలాబాద్ కొండల్లో వేటకు ఉచ్చు వేసిన చేతులకు ఈ కిటుకు వెంటనే అర్థమవుతుంది. చారి ఆ పని చేస్తుంటే పక్కన కేలా బారన్ కొలతలు చూస్తూ తోడు నిలిచింది. పట్టుకున్నాక మిగతా పని నేల మీదివాళ్లది. హ్యూస్టన్ నుంచి మరచెయ్యిని నడిపి నౌకను యూనిటీ అనే గది అడుగున ఉన్న తలుపు దగ్గరికి చేర్చారు. 16 బోల్టులు బిగిశాయి. ఇలా చేత్తో పట్టి బిగించడం బెర్తింగ్. డ్రాగన్ కొత్త రకం మాత్రం 2020 చివరి నుంచి ఎవరి చేతి సాయమూ లేకుండా తనంత తానే అతుక్కుంటోంది, దాన్ని డాకింగ్ అంటారు.

ఎన్‌జీ-17 తెచ్చిన సామాను దాదాపు 3,750 కిలోలు. పత్తి లెక్కలో 37.5 క్వింటాళ్లు. తెల్లటి గుడ్డ సంచుల్లో, మెత్తటి స్పాంజి మధ్య, పట్టీలతో బిగించి సర్దుతారు. ఏ సంచిలో ఏముందో, కేంద్రంలో దాన్ని ఎక్కడ పెట్టాలో సంచి మీదే రాసి ఉంటుంది. బరువు లేని చోట సామాను కనిపించకుండా పోవడం సులువు. అందుకే సర్దడం మీద ఇంత శ్రద్ధ. ఆ విడతలో మట్టి లేకుండా మొక్కలు పెంచే పరికరం, బరువు లేని చోట మంట ఎలా అంటుకుంటుందో చూసే పరికరం, వయసుతో చర్మంలో వచ్చే మార్పుల మీద కోల్గేట్-పామోలివ్ ప్రయోగం ఉన్నాయి. వాటితోపాటు నీటిని విడగొట్టి ప్రాణవాయువు తీసే యంత్రానికి కొత్త హైడ్రోజన్ సెన్సర్లు కూడా. బయటికి ఈ చివరిది చిన్నదిగా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో అదే అన్నిటికంటే ముఖ్యమైన సరుకు. కేంద్రం ఇప్పుడు వాడిన నీటిలో 98 శాతం వరకు తిరిగి శుద్ధి చేసుకుంటోంది. అలాంటి యంత్రాలు సరిగ్గా పనిచేసినన్నాళ్లూ కింది నుంచి మోయవలసిన నీరు, గాలి తగ్గుతాయి.

పైకి ఎత్తిన నౌక

అంతర్జాతీయ కేంద్రం బరువు సుమారు 420 టన్నులు. గాలి రాపిడికి అది నెలకు రెండు కిలోమీటర్ల దాకా దిగుతుంది. దాన్ని తిరిగి ఎత్తే పని చాలా కాలంగా ప్రోగ్రెస్ నౌకలది, కేంద్రంలోని రష్యా భాగానిది. ఎన్‌జీ-17 బయలుదేరిన అయిదు రోజులకు ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. దాంతో ఈ పనికి రష్యా మీదే ఆధారపడటం ఎంతకాలం అన్న ప్రశ్న గట్టిగా వచ్చింది.

సిగ్నస్ 2018లోనే చిన్నగా ఒకసారి నెట్టి చూపించింది. 2022 జూన్ 20న ఎన్‌జీ-17 ఇంజన్‌ను వెలిగిస్తే అయిదు సెకన్లకే ఆగిపోయింది. కారణం తెలుసుకుని జూన్ 25న మళ్లీ వెలిగించారు. ఈసారి అయిదు నిమిషాలు మండింది. కేంద్రం కక్ష్యలో భూమికి దగ్గరి బిందువు దాదాపు 800 మీటర్లు పైకి జరిగింది. కేవలం 800 మీటర్లే. అయినా 1979లో స్కైల్యాబ్‌కు దొరకనిది అదే: కింది నుంచి వచ్చి, ఒక చెయ్యి వేసి, పైకి నెట్టే నౌక.

మూడు రోజుల తర్వాత చెత్త నింపుకుని సిగ్నస్ కేంద్రాన్ని వదిలింది. దక్షిణ పసిఫిక్ మీద, ఓడలు గానీ ఊళ్లు గానీ లేని చోట వాతావరణంలోకి దిగి కాలిపోయింది. కొన్ని సిగ్నస్ నౌకలను కాలిపోయే ముందు ఇంకో పనికీ వాడారు. కేంద్రానికి దూరం జరిగాక, ఖాళీ నౌకలో కావాలనే నిప్పు పెట్టి అది ఎలా పాకుతుందో కొలిచారు. మనుషులున్న చోట చెయ్యలేని ప్రయోగం అది.

తప్పిపోయిన నౌకలు

2014 అక్టోబర్ 28న సిగ్నస్‌ను మోస్తున్న అంటారీస్ రాకెట్ వాలప్స్‌లో లేచిన పదిహేను సెకన్లకే పేలి పడిపోయింది. 2015 ఏప్రిల్‌లో ప్రోగ్రెస్ ఒకటి అదుపు తప్పింది. జూన్ 28న డ్రాగన్‌ను తీసుకెళ్తున్న ఫాల్కన్-9 రెండు నిమిషాల పైచిలుకులో గాల్లోనే విరిగింది. హీలియం ట్యాంకును పట్టి ఉంచే ఊతకమ్మి తెగడమే కారణమని తేలింది. ఎనిమిది నెలల్లో మూడు నౌకలు పోయినా పైన ఉన్నవాళ్లు ఆకలితో లేరు. నిల్వలు కాపాడాయి. ఒక కంపెనీ ఆగినా ఇంకొకటి నడుస్తుందన్న ఏర్పాటు కాపాడింది.

ఆ ఏర్పాటు విలువ యుద్ధంతో మళ్లీ తెలిసింది. అంటారీస్ మొదటి దశ ఉక్రెయిన్‌లో, దాని ఇంజన్లు రష్యాలో తయారయ్యేవి. ఉన్నవి 2023 ఆగస్టుతో అయిపోయాయి. 2024 జనవరి నుంచి సిగ్నస్ తన పోటీదారు రాకెట్ ఫాల్కన్-9 మీదే ఎక్కి వెళ్తోంది. 2025 సెప్టెంబర్‌లో వెళ్లిన పెద్ద రకం సిగ్నస్ ఇంజన్ దారిలో ముందే ఆగిపోయి ఒక రోజు ఆలస్యమైనా, కేంద్రానికి క్షేమంగా చేరింది. దానికి కొలంబియాలో కల్పనతోపాటు చనిపోయిన పైలట్ విలియం మెకూల్ పేరు పెట్టారు.

పడటంలో తేడా

2022 ఏప్రిల్ 2 ఉగాది. ఆ సాయంత్రం ఆదిలాబాద్‌కు సరిహద్దు జిల్లా అయిన మహారాష్ట్రలోని చంద్రాపూర్‌లో, సిందేవాహి దగ్గర లాడ్‌బోరి అనే ఊళ్లో ఆకాశం నుంచి ఒక పెద్ద లోహపు వలయం పడింది. చుట్టుపక్కల లోహపు గోళాలు కూడా దొరికాయి. అది చైనా లాంగ్ మార్చ్ రాకెట్ పైదశ అవశేషమని నిపుణులు తేల్చారు. మనుషులకు హాని జరగకపోవడం అదృష్టం. రాకెట్ దశను అలా వదిలేస్తే ఎక్కడ పడాలో అదే తేల్చుకుంటుంది. సరుకు నౌకను అలా వదలరు. దానికి దిగే వేళ, దిగే చోటు ముందే నిర్ణయించి, ఆఖరి ఇంధనం అందుకోసమే దాచి ఉంచుతారు. లాడ్‌బోరిలో వలయం పడిన రోజున రాజా చారి పట్టుకున్న సిగ్నస్ ఇంకా కేంద్రానికి అతుక్కునే ఉంది.

మన దారి

భారత్‌కు ఇంకా సరుకు నౌక లేదు. దానికి కావలసిన మొదటి విద్య, కక్ష్యలో రెండు వాహనాలను కలపడం, 2025 జనవరి 16న చేతికొచ్చింది. 2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు, ఒక్కోటి 220 కిలోలవి, ఆ రోజు అతుక్కున్నాయి.  2028లో తొలి భాగాన్ని పంపి, 2035 నాటికి భారతీయ అంతరిక్ష కేంద్రాన్ని పూర్తి చేయాలన్నది లక్ష్యం. దానికీ మారు వడ్డన కావాలి. హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ 2022 నవంబర్ 18న విక్రమ్-ఎస్‌తో దేశంలో తొలి ప్రైవేటు రాకెట్‌ను ఎగరేసింది. అది కక్ష్యకు వెళ్లే రాకెట్ కాదు గానీ, కిరాయి రవాణాకు మన దగ్గరా మనుషులు సిద్ధమవుతున్నారనడానికి గుర్తు.

అంతర్జాతీయ కేంద్రాన్ని కరీంనగర్, ఆదిలాబాద్ ఆకాశంలోనూ చూడవచ్చు. సాయంత్రం పొద్దుగూకిన కాసేపటికో, తెల్లవారుజామునో, రెప్పవేయని తెల్లటి చుక్క నాలుగైదు నిమిషాల్లో ఆకాశం దాటిపోతుంది. విమానంలా ఎర్ర దీపాలు మిణుకుమనవు, చప్పుడు ఉండదు.

దాన్ని 2030 తర్వాత దించేయాలన్నది నాసా నిర్ణయం. స్కైల్యాబ్‌లా కాకుండా చోటు చూసి దించడానికి 2024 జూన్‌లో స్పేస్ ఎక్స్‌కు 84 కోట్ల డాలర్ల పైచిలుకు ఒప్పందం ఇచ్చింది. ఆ వాహనాన్ని సరుకు డ్రాగన్ నమూనా మీదే తయారుచేస్తున్నారు. దానికి 46 చిన్న ఇంజన్లు, మామూలు డ్రాగన్‌కు ఎన్నో రెట్ల ఇంధనం ఉంటాయి. సామాను మాత్రం ఉండదు.